చివరి పుట

కోర్టు అమీనా వచ్చి పెద్దమ్మ తలుపుకు జప్తు కాగితం అంటిస్తున్నప్పుడు వీధిలో ఇరవైమందిమి ఉన్నాం. ఒక్కరికీ నోరు పెగలలేదు. అధర్మాన్ని చూస్తూ ఊరకున్నవాడికీ ఆ పాపంలో భాగముంటుందని చదువుకున్న నేనూ గోడకు అతుక్కుపోయాను. అందుకే, రేపు ఏదో కాగితం మీద వేలిముద్ర వేయబోయే కార్మికులారా, చదువుకుంటున్న బిడ్డలారా, ఇది మీకు చెబుతున్నాను.

మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆమె మా అద్దకం షెడ్డులో ముప్పైయేళ్లుగా నీలం తొట్టి దగ్గర పనిచేస్తోంది. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఆ రెండు గదుల ఇల్లే. తొట్టి నెర్రెలిచ్చిందని ఏడాదిగా మొత్తుకుంటున్నాం. "సిమెంటు పూయండి, చాలు!" అని షెడ్డు నడిపే కాంట్రాక్టరు కసిరాడు. చివరికది పగిలింది, రంగునీళ్లు పొరుగువీధి మంచినీటి బావిలో కలిశాయి. ఆ వీధివాళ్లు కోర్టుకెక్కారు. పరిహారం చెల్లించాలన్న తీర్పు వాడి మీద కాదు, మా మీద వచ్చింది!

"షెడ్డు వాడిదైతే నా ఇంటికి తాళమేంటి తమ్ముడూ?" అని పెద్దమ్మ నన్నే అడిగింది. మూడేళ్ల కిందట కాంట్రాక్టరు తెచ్చిన ఒప్పందం కాగితం అందరికీ చదివి వినిపించింది నేనే.

"ఇకమీదట మీరు కూలీలు కారు, భాగస్వాములు!" అన్నాడు ఆనాడు కాంట్రాక్టరు. మా ఛాతీలు పొంగాయి. మొదటి పుటను నేను పద్యం చదివినట్టు రాగం తీసి చదివాను. ఇంతలో పని గంట కొట్టింది. చివరి పుట తిప్పకుండానే పదకొండుమందిమీ ముద్రలు వేశాం. సిరాదిమ్మె కూడా అక్కర్లేకపోయింది. మా వేళ్లు ఎప్పుడూ నీలమే కదా.

మాతో ముద్ర వేసినవాళ్లలో బాయిలరు చూసే బావ ఆ కాగితం పట్టుకుని నన్ను కోర్టు గుమస్తా దగ్గరికి లాక్కెళ్లాడు. గుమస్తా కళ్లజోడు సర్దుకున్నాడు.

"వాడిది లిమిటెడ్ కంపెనీ. అది మునిగినా వాడి మేడ జోలికి ఎవరూ పోలేరు. షెడ్డు మాత్రం మీ పదకొండుమంది పేరిట భాగస్వామ్యం. అంటే నష్టమొస్తే ఇల్లూ వాకిలీతో సహా మీరే పూచీ. ఎవరి ఇల్లు ముందు దొరికితే వాళ్ల ఇంటికే వస్తారు."

"ఓరి వీడి తెలివి తగలెయ్య! వాడు కోటలో కూర్చుని మమ్మల్ని కందకంలోకి తోశాడా?" అన్నాడు బావ. "మాకు కోట దొరకదా?"

"దొరుకుతుంది. సహకార సంఘంగా రిజిస్టరు చేసుకోండి. సభ్యుల బాధ్యత వాటా వరకే అని నియమాల్లో రాయించండి. సంఘం దెబ్బతింటే వాటా పోతుంది, ఇల్లు పోదు. పాత తీర్పు మాత్రం దానితో చెరిగిపోదు. అప్పీలు వెయ్యాలి, అసలు యజమాని ఎవడో అందరూ సాక్ష్యం చెప్పాలి."

మేం గుమస్తాను కలిసిన కబురు మేం షెడ్డుకు తిరిగిరాకముందే కాంట్రాక్టరుకు చేరింది. మరునాడు మధ్యాహ్నం ఇద్దరు మనుషులతో షెడ్డుకు వచ్చి కొత్త కాగితం బల్లమీద పరిచాడు.

"పక్కవీధిలో కొత్త షెడ్డు. ముద్రలు వేయండి, ముసల్దాని ఇల్లు విడిపిస్తా. వేయకపోతే రేపు ఎవరి తలుపుకు తాళమో మీరే ఊహించుకోండి."

బావకు ముగ్గురు పిల్లలు. అతని చెయ్యి సగం దాకా ముందుకు వెళ్లింది. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, నా చెయ్యీ కదిలింది.

"ఆగు నాయనా," అంది పెద్దమ్మ. "తమ్ముడూ, ఈసారి చివరి పుట చదువు."

చదివాను. రాగం రాలేదు. అదే పూచీ, అవే ఇళ్లు.

పెద్దమ్మ బొటనవేలు పిడికిట్లో దాచుకుంది. "నా ఇల్లు పోతే పోనీ. ఇంకో పది ఇళ్లు నా చేత్తో నీకు అప్పజెప్పను."

బావ పిడికిలి బిగించాడు. ఆ పక్కనున్నామె బిగించింది. పదకొండు నీలి పిడికిళ్లు, అన్నీ మూసుకునే ఉన్నాయి.

అప్పీలు ఇంకా తేలలేదు. పెద్దమ్మ మా ఇళ్లలో వంతులవారీగా ఉంటోంది. ఈ ఉదయం సహకార సంఘం రిజిస్టరు చేయించడానికి రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాం. ఎదుటి వీధిలో కాంట్రాక్టరు జీపు ఆగి ఉంది. దాని పక్కన నిలబడ్డ పోలీసులు మమ్మల్ని ఒక్కొక్కరినీ లెక్కపెడుతున్నారు. లోపల అధికారి సిరాదిమ్మె ముందుకు తోసి, "త్వరగా కానివ్వండి" అన్నాడు.

పెద్దమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తొందరేం లేదు బాబూ. మా తమ్ముడు చివరి పుట దాకా చదువుతాడు. అందరం వింటాం."

బయట బూట్లచప్పుడు మెట్లెక్కుతోంది. నేను మొదటి పుట తెరిచాను. ఒక్కరూ కదల్లేదు.