నీళ్లొస్తే మోగేది

“పులుసుకే చాలని చింతపండు, నీ అట్టముక్కకి పూస్తా ఉండావా?”

అత్త అమ్మణి వంటింటి గడపలో నిలబడి అన్న మాట అది. విజి రాగిపూత ఉన్న సర్క్యూట్ అట్టముక్కకు చింతపండూ ఉప్పూ కలిపి రుద్దుతోంది. మద్రాసు రిచ్చి స్ట్రీట్‌లో, ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో తుక్కు కింద అమ్మిన ముక్క, నల్లబడిపోయి ఉంది. రాగి మెరిస్తే తప్ప దాని మీద టంకం అతకదు. దానికి వాడే మందు కొనే స్తోమత లేదు. ఈ ఇంటి రాగి చెంబులు తోమేది తనే కాబట్టి చింతపండు సంగతి తెలుసు. ఇన్నేళ్ల చాకిరీ తనకంటూ పనికొచ్చింది ఇక్కడొక్కచోటే అనుకుంది కసిగా.

చేస్తున్నది పెద్ద యంత్రమేం కాదు. కుళాయి నీళ్లు బిందెలో పడగానే కూతపెట్టే చిన్న పెట్టె. రెండు తీగల కొసలకు నీళ్లు తగిలితే బజర్ మోగుతుంది. బజర్ పాడైన కాలింగ్ బెల్లులోది, ట్రాన్సిస్టర్ మూగబోయిన రేడియోలోది. సోల్డరింగ్ ఐరన్ పిడి ఎప్పుడో విరిగితే అట్లకాడ పిడి బిగించుకుంది.

కోడంబాక్కంలో ఆరు వాటాల ఇంట్లో ఒక అద్దె వాటా వాళ్లది. పెరట్లో వాటాకొక కుళాయి. నీళ్లు పొద్దున తొమ్మిదికి రావచ్చు, మధ్యాహ్నం రెండుకు రావచ్చు, వస్తే అరగంట ఉంటాయి. పెళ్లికి ముందు విజి అంబత్తూరులో ఒక ఎలక్ట్రానిక్స్ యూనిట్‌లో నాలుగేళ్లు బోర్డులకు టంకం పెట్టింది. పెళ్లయిన నెలకే మానిపించారు. ఆడదానికి ఉద్యోగమెందుకని ఎవరూ అనలేదు, అంత మోటు మనుషులు కారు. “నువ్వు పనికి పోతే నీళ్లెవురు పట్టేది?” అన్నారు, అంతే. మొగుడు దామోదరం స్టూడియోలో లైట్లు మోస్తాడు. నెలలో పది రోజులు షూటింగ్, తక్కిన రోజులు మంచం, ఫోను. ఆ మంచానికీ కుళాయికీ మధ్య పన్నెండు అడుగులు. అయినా నీళ్ల చప్పుడు వినాల్సిన చెవులు ఆ ఇంట్లో విజివి మాత్రమే. ఎనిమిదేళ్లుగా ఆమె స్నానం చేస్తూ వింది, పచ్చడి నూరుతూ వింది, జ్వరంతో పడుకుని వింది.

పక్క వాటా ఆరోగ్యమేరి ఇప్పుడు ఆ యూనిట్‌లోనే పని చేస్తోంది. “రిపేరు టేబుల్‌కి మనిషి కావాలంట, నీ పేరు చెప్పినా. సోమవారం రాకపోతే వేరేవాళ్లని పెట్టుకుంటారు” అంది. ఆ యూనిట్ స్వర్గమేం కాదు. అప్పట్లో విజి పట్టిన లోపాలన్నిటి కిందా సూపర్‌వైజర్ తన పేరే రాసుకునేవాడు. అయినా ఆ బల్ల ముందు కూర్చుంటే ఆమెకు తానొక మనిషినని గుర్తుండేది. కుళాయికి తన చెవి అక్కర్లేదని చూపిస్తే నీళ్లెవురు పట్టేదన్న ఆ పాత ప్రశ్న చస్తుంది, తను బస్సెక్కుతుంది. అందుకే ఈ పెట్టె.

గురువారం బజర్ మోగింది. ఆరు వాటాల ఆడవాళ్లూ బిందెలతో పరిగెత్తుకొచ్చారు. కుళాయిల్లో చుక్క లేదు. బజర్ మాత్రం ఆగకుండా అరుస్తూనే ఉంది. దామోదరం లుంగీ బిగించుకుంటూ గడపలోకొచ్చి అందరికీ వినపడేలా, “చూసినారా మా ఇంజినీరమ్మని! లేని నీళ్లకి గంట కొడతా ఉండాది” అన్నాడు. ఇంటి ఓనర్ గోవిందసామి కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. విజికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. లోపలికొచ్చి పెట్టె విప్పి అట్టముక్కను కళ్లు చిట్లించి చూసింది. రాగి గీతల మధ్య తెల్లటి పొర. తను రుద్దిన ఉప్పే. గాలిలో తేమకు చెమ్మగిల్లి కరెంటుకు దారిచ్చింది. చెంబునైతే ఒకసారి కడిగి బోర్లిస్తారు, చేతులు ఆ అలవాటు కొద్దీ దీన్నీ అంతే కడిగాయి. తప్పు తనదే. వేణ్ణీళ్లతో నాలుగుసార్లు కడిగి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, మేడ మీద ఎండలో ఆరబెట్టింది.

శుక్రవారం నీళ్లు రాలేదు, బజర్ మోగలేదు. శనివారం పదకొండింటికి విజి కావాలనే మేడ మీద బట్టలారేస్తూ నిలబడింది. కింద నుంచి కీచుమని కూత. పక్క కుళాయిల్లోనూ నీళ్లు పడుతున్న చప్పుడు. తడి చీర చేతిలో పట్టుకుని ఒక్కతే నవ్వుకుంది. దిగలేదు. కూత అలాగే ఉంది, రెండు నిమిషాలైంది.

“ఏమ్మే విజీ! మోగతా ఉండాది వినపడలా?” దామోదరం కేక.

“ఆ కూతకి నా తల పగిలిపోతాది, ఎవురన్నా ఆపండ్రా!” అత్త కేక.

అంతలో కూత ఆగిపోయింది. లేచాడు, బిందె మార్చాడు అనుకుంది విజి. గబగబా మెట్లు దిగి పెరట్లోకి వెళ్లింది. బిందె నిండి నీళ్లు మోరీ కాలవలోకి పోతున్నాయి. బజర్ స్విచ్ ఆపేసి ఉంది. దామోదరం కుళాయి దాకా నడిచొచ్చి, స్విచ్ నొక్కి, తిరిగి వెళ్లి పడుకున్నాడు.

“ఆపేసినాలే. పట్టు పో” అన్నాడు ఫోనులోంచి తల తిప్పకుండా.

విజి బిందె మార్చింది. వాళ్లకు వినపడదని నమ్మింది ఇన్నేళ్లూ. నిద్రలో ఉన్నాడనుకుంది, ఫోను ధ్యాసలో ఉన్నాడనుకుంది, మగవాళ్లకు ఇలాంటివి తట్టవనుకుంది. ఎంత వెర్రిదాన్ని అనుకుంది ఇప్పుడు. వాళ్లకు ఎప్పుడూ వినపడుతూనే ఉంది. వినపడ్డాకే, విజి చూసుకుంటుందిలే అని అటు తిరిగి పడుకున్నారు. ఆ మంచాన్ని తీసుకెళ్లి మోరీలో పారెయ్యాలన్నంత కోపం వచ్చింది.

అన్నం వడ్డిస్తూ, “సోమవారం నుంచి అంబత్తూరు పోతా ఉండాను” అంది.

“నీళ్లు?”

“మోగతాది కదా.”

“మోగితే? నేను బిందె పట్టుకుని ఆడోళ్ల మధ్య నిలబడాల్నా?” అన్నాడు దామోదరం, సిగ్గులేకుండా చెయ్యి చాపి పెరుగు అడుగుతూ.

పెరుగు వేసింది. ఆదివారమంతా మళ్లీ ఐరన్ వేడి చేసింది. తీగ పొడుగు చేసి కిటికీలోంచి లాగింది. స్టూలెక్కి బజర్‌ను మంచానికి సరిగ్గా పైన, దూలానికి మేకు కొట్టి బిగించింది. తీగ కొసలను బట్టల క్లిప్పుతో కుళాయికి పట్టించి బిందెలోకి వేలాడేలా వదిలింది. స్విచ్ పీకేసి, దానికున్న రెండు తీగల చివర్లనూ కలిపి టంకం పెట్టింది.

సోమవారం పొద్దున ఆమె చెప్పులేసుకుంటుంటే దామోదరం పైకి చూశాడు. “ఇదేందే? స్విచ్చేదీ?”

“లేదు. బిందె తీస్తే ఆగతాది.”

“పీకి పారేస్తా!”

“పారేయండి. డ్రమ్ములో చుక్క లేదు. నేను నింపలా.”

అత్త ఏదో అంటోంది. విజి టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని బయటికొచ్చింది. గేటు దగ్గర ఆరోగ్యమేరి కాచుకుని ఉంది. ఇద్దరూ సందు చివరికి చేరారో లేదో, వెనక నుంచి కూత. విజి కాళ్లు వాటంతటవే వెనక్కి తిరగబోయాయి. పళ్లు బిగపట్టి ఆపుకుంది.

“విజీ, నీళ్లొచ్చినట్టుండాయే?” అంది ఆరోగ్యమేరి ఆగి.

“ఆయనకి వినపడతాదిలే, నడువు” అంది విజి.