భీమయ్య లేని పాట

ఎల్లస్వామికి ఈ వయసులో ఒక్క కోరికే మిగిలింది. బామ్మర్ది గొంతు వినబడకుండా తన పాట ఒక్కటైనా లోకంలో ఉండాలి.

బామ్మర్ది పేరు భీమయ్య. ఎల్లస్వామి భార్య మైసమ్మకు తమ్ముడు. వాళ్లది కల్వకుర్తి దగ్గర ఎర్రబండ అనే ఊరు. వయసులో ఉన్నప్పుడు బావాబామ్మర్దులు ఒకే గుంపులో మట్టిపనికి పోయేవారు. షోలాపూర్ దిక్కు, పుణె దిక్కు, ఎక్కడ కాలువ తవ్వుతుంటే అక్కడికి. పని దిగాక మూడు రాళ్ల పొయ్యి మీద జొన్న గట్క ఉడికేలోగా ఎల్లస్వామి పాడేవాడు. భీమయ్య అరిచేవాడు.

అరవడమంటే పాటను చెడగొట్టాలని కాదు. పాడేవాడు ఒక మాట అని ఆగుతాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఒకరు దాన్ని అందుకుని, "అయ్యో" అనో "ఎట్ల మరి" అనో అనాలి. అది ఆ గుంపుల పద్ధతి. అనేవాడు లేకపోతే పాడేవాడు గోడకు చెప్పుకున్నట్టుంటుంది. మొదట్లో ఆ పని తలా ఒకసారి చేసేవారు. భీమయ్య గుంపులో చేరాక ఇంకెవరికీ అవకాశం రాలేదు. అతనికి రాగం తెలియదు, తాళం తెలియదు. గొంతు మాత్రం అవతలి గుట్ట మీద మేకలు కాసేవాడు కూడా తలెత్తి చూసేంత.

ఎల్లస్వామి కట్టిన పాటల్లో పేరు పడింది కాలువ పాట.

*మట్టి మోసినమమ్మా, మట్టి మాదాయెనా?*

"యాడయితదే! కాలే!" అని భీమయ్య.

*కాలువ తవ్వినమమ్మా, నీళ్లెటు పాయెనో?*

"ఎటు పాయె బావా? జెప్పు, ఎటు పాయె?"

*ఎవరి చేనుకు పాయెనో, ఎవరిని అడుగుదుమో…*

"అడుగు! భయమెందుకు? అడుగు!"

ఈ మూడో అరుపు దగ్గర ఎల్లస్వామికి ప్రతిసారీ ఒళ్లు మండేది. ఏడిపించాలని పాట కట్టుకుంటే జనం అక్కడ నవ్వేవారు. నవ్వుతూనే కండువాతో కళ్లు కూడా తుడుచుకునేవారు. ఎల్లస్వామి ఆ నవ్వునే గుర్తు పెట్టుకునేవాడు.

తెలంగాణ వచ్చిన తర్వాత, అందరి జేబుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చిన రోజుల్లో, వాళ్ల పాత గుంపు మేస్త్రీ గురవయ్య చనిపోయాడు. దినాల నాడు ఎల్లస్వామిని కాలువ పాట పాడమన్నారు. గురవయ్య కొడుకు శ్రీశైలం దాన్ని ఫోన్‌లో పట్టాడు. పట్టినవాడు కూర్చున్నది ఎక్కడ? భీమయ్య పక్కన. ఇక చెప్పేదేముంది. అందులో ముందు భీమయ్య వినబడతాడు. తర్వాత గిన్నెల చప్పుడు. తర్వాత "కూర ఇటు పంపుండ్రి" అని ఎవరిదో కేక, ఒక కోడి. వీటన్నిటి వెనక, బావిలో పడ్డవాడు పిలిచినట్టు, ఎల్లస్వామి.

ఆ ముక్క ఫోన్లోంచి ఫోన్లోకి పుణె కూలీ క్యాంపుల దాకా పోయింది. ట్రాక్టర్ల మీద అదే, కల్లు కాంపౌండ్లలో అదే. ఎల్లస్వామి ఎక్కడ ఎదురుపడినా జనం ఆపి మరీ మెచ్చుకునేవారు.

"తాతా, నీ పాట ఇన్నం. మస్తుంది. గా అరిసేటాయన ఎవరే? ఆయన అంటుంటె పానం గుంజుకపోతది."

"మా బామ్మర్ది," అనేవాడు ఎల్లస్వామి. ఇంకో మాట అనేవాడు కాదు. మామూలుగానే మాటలు తక్కువ మనిషి. అప్పటినుంచి ఇంకా తగ్గించాడు.

ఏండ్లు గడిచాయి. పైకి ఎత్తుకున్నప్పుడు గొంతు జారిపోతోంది. పోయేలోగా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, తన పాట తానొక్కడే పాడుకోవాలని పట్టుకుంది ఎల్లస్వామికి. అప్పుడొచ్చాడు మల్లికార్జున్. కల్వకుర్తిలో పెళ్లి ఫోటోలు తీస్తాడు, యూట్యూబ్‌లో పల్లెపాటలు పెడతాడు. సొంతంగా స్టూడియో ఉంది.

"తాతా, నీ గొంతును అద్దం లెక్క పట్టిస్త. ఈగ మోత గూడ పడది," అన్నాడు.

"మరి భీమయ్య?"

"ఆయనెవరు?"

ఆ ఒక్క మాటకు ఎల్లస్వామి ఒప్పేసుకున్నాడు.

ఊళ్లో మాట దాగదు. సాయంత్రానికల్లా భీమయ్య ఇంటికొచ్చి గడపలో కూర్చున్నాడు.

"స్టూడియోకంట గద బావా. ఎన్నడు పోదాం?"

ఎల్లస్వామి చుట్ట వెలిగించుకున్నాడు. అది అంటుకునేదాకా ఆలోచించాడు.

"ఐతారం," అన్నాడు.

మల్లికార్జున్ రమ్మన్నది ఆదివారం కాదు, శుక్రవారం. ఆ పొద్దున ఎల్లస్వామి ఉతికిన ధోవతి కట్టుకుంటుంటే మైసమ్మ చూసింది.

"యాడికి, గింత తయారైతున్నవ్?"

"దవాఖానకు. పన్ను నొస్తాంది."

"నోట్ల పన్ను ఉంటె గద నొయ్యనీకి," అన్నది మైసమ్మ. ఎల్లస్వామి వినబడనట్టు బస్సెక్కాడు.

స్టూడియో ఎరువుల దుకాణం పైన ఉంది. గోడలకు, తలుపుకు మందంగా స్పంజీ అంటించారు. ఎల్లస్వామిని లోపల నిలబెట్టి, చెవులకు రెండు డిప్పలు తగిలించి, తలుపు మూశాడు మల్లికార్జున్. లోకం మీద దుప్పటి కప్పినట్టయింది. బజారు లేదు, లారీలు లేవు. ఎల్లస్వామికి తన కడుపులో గట్క అరుగుతున్న చప్పుడు వినబడింది. ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే కదా అనుకుని సంతోషపడ్డాడు.

*మట్టి మోసినమమ్మా, మట్టి మాదాయెనా?*

ఆగాడు. అలవాటు. స్పంజీ గోడ ఏమీ అనలేదు. అద్దం అవతల మల్లికార్జున్ తల వంచుకుని ఏదో మీట తిప్పుకుంటున్నాడు.

"తాతా, మరిసినవా?" అన్నాడు డిప్పల్లోంచి.

"లే. ఆగిన."

"ఎందుకు?"

ఎల్లస్వామి డిప్పలు సర్దుకున్నాడు. రెండో మాట ఎత్తుకున్నాడు. మళ్లీ ఆగాడు. మూడో మాట దగ్గర ఆగగూడదని గట్టిగా అనుకుని, అక్కడ ఇంకా ఎక్కువసేపు ఆగాడు.

"ఏం ఫికర్ జెయ్యకు తాతా, గీ ఖాళీలు నేను జూస్కుంట," అన్నాడు మల్లికార్జున్. చూసుకున్నాడు కూడా. ఖాళీ దొరికినచోటల్లా పిల్లంగోవి పోశాడు. అటుకుల్లో పాలు పోసినట్టు.

వినిపిస్తే ఎల్లస్వామి విన్నాడు. గొంతు నిజంగానే అద్దంలా ఉంది. దగ్గు లేదు, కోడి లేదు. "బాగుంది," అన్నాడు. కాసేపాగి మళ్లీ "బాగుంది," అన్నాడు, మొదటిసారి తనకు సరిగా వినబడనట్టు. లోపల ఒకటే తట్టింది. పాడేవాడెవరో తెలుస్తోంది. ఎవరికి చెప్పుకుంటున్నాడో తెలియడం లేదు.

ఆదివారం వచ్చింది. స్టూడియోకు తాళం పడిందని భీమయ్యతో ఒక అబద్ధం చెప్పాలి. ఎల్లస్వామి ఆ మాట నోట్లో తిప్పుకుంటూ బస్టాండు దిక్కు నడిచాడు. అక్కడ గ్రేస్ అనే ఆమె చాయ్ హోటల్ నడుపుతుంది. భీమయ్య అప్పటికే బెంచీ మీద ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ. తలకు నూనె. దవడ ఆడుతోంది. గొంతు బాగుండాలని మిరియాలు నములుతున్నాడు. పాడడానికి పోయేవాడు నమిలితే అర్థముంది, అరవడానికి పోయేవాడు నమలడం ఎల్లస్వామి ఎక్కడా చూడలేదు.

రోడ్డు దాటబోతుండగా హోటల్లోంచి తన గొంతు వినబడింది. ఎల్లస్వామి కాళ్లు ఆగిపోయాయి. పక్కన పర్వతాలు అనే డ్రైవరు తన ఆటో నిలబెట్టి ఉంటే దాని వెనక్కు జరిగాడు.

"భీమయ్య మామా, మీ బావ పాట రాత్రే పెట్టిండ్రు. నువ్వు లేవేంది అండ్ల?" అంటోంది గ్రేస్. ఆమె ఫోన్ చక్కెర డబ్బాకు ఆనించి ఉంది.

భీమయ్య దవడ ఆగింది. "ఇయ్యాల్నే గద ఐతారం?"

"ఇయ్యాల్నే."

"అయితె రోజు మరిసి ముందుగాల్నే పోయిండు కావొచ్చు. ముసలోడైండు గద, పాపం."

ఎల్లస్వామి ఆటో రేకును పట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

గ్రేస్ పాటను మళ్లీ మొదటినుంచి పెట్టింది. భీమయ్య ఫోన్ దగ్గరికి జరిగి చెవి పెట్టాడు. మొదటి మాట అయింది. పిల్లంగోవి మోగింది. భీమయ్య గ్రేస్ వైపు చూశాడు.

"గీ పీక సప్పుడేందే?"

"మ్యూజిక్ మామా."

"ఎవరూ జెప్తలేరేంది మరి?"

"ఏం జెప్పాలె?"

భీమయ్య ఆమెను వదిలేసి ఫోన్‌కే చెప్పాడు. "యాడయితదే! కాలే!"

చాయ్ తాగేవాళ్లు ఘొల్లుమన్నారు. గ్లాసులు గలగలలాడాయి. పర్వతాలు ఆటో దిగి, తన ఫోన్ తీసి పట్టాడు. "పోదాం తియ్, బిడ్డను దవాఖానకు సూపియ్యాలె," అంటోంది ఆటోలో కూర్చున్న ఆడమనిషి. భీమయ్య లేచి నిలబడి, "ఎటు పాయె బావా? జెప్పు, ఎటు పాయె?" అని చక్కెర డబ్బాను నిలదీస్తున్నాడు.

మూడో మాట వచ్చింది. *ఎవరిని అడుగుదుమో…* పిల్లంగోవి ఎత్తుకుంది. భీమయ్య ఈసారి అరవలేదు. చెయ్యి డబ్బా వైపు చాపి, "అడుగు బావా… అడుగు," అన్నాడు, పక్కన పడుకున్నవాడిని లేపినట్టు. ఎవరూ నవ్వలేదు. ఆటోలో ఆడమనిషి కూడా పోదామనలేదు.

ఎల్లస్వామి రోడ్డు దాటకుండానే ఇంటికి తిరిగాడు.

కొద్దిరోజుల్లోనే మల్లికార్జున్ ఫోన్ చేశాడు.

"తాతా, మనం తీసింది ఆన్నే పండుకుంది. ఆటో ఆయన హోటల్ల తీసి పెట్టింది ఉరుకుతాంది!"

"అండ్ల నా గొంతు ఉంది గద?"

"ఉంది, ఉంది. ఫోన్ల నుంచి సన్నగ వస్తాంది. గట్ల సన్నగ వచ్చుడే మంచిగుందంటుండ్రు. ఒక లెక్చరర్ సారు రాసిండు తాతా, బయటి దేశంల నల్లోళ్ల పాటలు ఉంటయంట, బ్లూస్ అంటరంట. కష్టం జేసేటోళ్ల పాటలు. జనం ముందట పాడినయే కొంటరంట, స్టూడియోవి పక్కన పెట్టి. అండ్ల జనం అరుస్తరంట, గ్లాసుల సప్పుడు గూడ తీసెయ్యరంట. గదే మజా అంట."

ఎల్లస్వామి ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఆడ గూడ బామ్మర్దులుంటరా?" అన్నాడు.

మల్లికార్జున్‌కు అది తెలియదు. ఈసారి ఇద్దరినీ కలిపి, వచ్చే ఆదివారం, హోటల్లోనే, జనం మధ్య తీస్తానన్నాడు. "సూద్దాం," అన్నాడు ఎల్లస్వామి. ఫోన్ పెట్టేసి చూస్తే మైసమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

"పన్ను నొప్పి తగ్గిందా?" అన్నది. "తగ్గితె జర మా తమ్ముని మొకం జూసి రా. గా అంగీ ఇస్త్రీ జేసింది నేనే. నాకు గూడ ఐతారమనే జెప్తివి."

భీమయ్య వాకిట్లో మంచానికి నులక అల్లుతున్నాడు. బావను చూసి జరిగి జాగా ఇచ్చాడు.

"రా బావా, కూసో."

ఎల్లస్వామి కూర్చున్నాడు. దారి పొడుగునా ఒక మాట తయారు చేసుకున్నాడు. అది బయటికి రాలేదు. వేరేది వచ్చింది.

"హోటల్ల అరిసినవంట."

"అరిసిన. తప్పయింది."

తప్పు చేసినవాడు తను. ఒప్పుకున్నవాడు ఇతను. ఇక ఎల్లస్వామి చేయగలిగింది నులక కొస పట్టుకోవడమే. పట్టుకున్నాడు.

"ఒకటి జెప్త, తిట్టకు," అన్నాడు భీమయ్య. "ఇన్నేండ్లల్ల నీ పాట నాకు సక్కగ ఇనబడింది గిదే మొదలు. ఎప్పుడు జూడు నా లొల్లే నాకినబడుతుండె. గింత దుఃఖముందా బావా అండ్ల?"

"మరి ఇంటానికేమాయె? ఎందుకరిసినవ్?"

"ఏం జెయ్యాలె? నువ్వేమో అడుగుతనే ఉంటివి. ఒక్కడన్న జెప్పడాయె. మనిషి అడుగుతుంటె పిల్లంగోయి ఊదుతరా ఎవరన్న? ఓర్సలేకపోయిన."

ఎల్లస్వామి నులకను చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"ఐతారం గ్రేస్ హోటల్ల," అన్నాడు చివరికి. "మల్లికార్జున్ వస్తడు. నువ్వు గూడ రా."

భీమయ్య తలెత్తాడు. "నిజం ఐతారమేనా?"

"నిజం ఐతారమే."

ఆదివారం హోటల్ నిండిపోయింది. పర్వతాలు ఆటో ఆపుకుని ముందు బెంచీ పట్టుకున్నాడు. మైసమ్మ కొంగు బిగించుకుని గడప దగ్గర నిలబడింది. మల్లికార్జున్ మైకు నిలబెట్టి, ఎవరూ దేన్నీ ఆపొద్దన్నాడు. చాయ్ కాగనీ, బస్సు రానీ. గ్రేస్ స్టవ్వు మంట పెంచింది. భీమయ్య బావ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఎల్లస్వామి గొంతు సవరించుకున్నాడు.

*మట్టి మోసినమమ్మా, మట్టి మాదాయెనా?*

ఆగాడు.

భీమయ్య ఏమీ అనలేదు. కళ్లు మూసుకున్నాడు. తల మెల్లగా ఊపుతున్నాడు. ఎవరో చాయ్ చప్పరించిన చప్పుడయింది. పాలు బుసబుసమంటున్నాయి. మల్లికార్జున్ 'కానియ్' అన్నట్టు చెయ్యి తిప్పాడు. రెండో మాట ఎల్లస్వామి నాలుక మీదే ఉంది. కదలడం లేదు. ఒక బస్సు వచ్చి, ఆగి, పోయింది. భీమయ్య ముఖం మీద, గుడిలోనో చర్చిలోనో కూర్చున్నవాడి భక్తి.

ఎల్లస్వామి ముందుకు వంగాడు.

"అనరా!" అని అరిచాడు. అవతలి గుట్ట దాకా వినబడేంత గట్టిగా, తన పాట మధ్యలో, మైకు ముందు. "నోరు పడిపోయిందా? అడుగుతున్న గద, అనరా!"

హోటలంతా ఘొల్లుమంది. మైసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మల్లికార్జున్ మిషన్ ఆపలేదు.

భీమయ్య ఒక కన్ను తెరిచి చూశాడు.

"ఇంటున్న బావా," అన్నాడు నెమ్మదిగా. "నువ్వు జర లొల్లి జెయ్యకు."