రాజీ కాగితం

1949 జూలై 10, ఆదివారం. సూర్యాపేటలో ధాన్యం వర్తకుడు రామచంద్రయ్య ఇంటి ముందరి గది. హాజరైనవారు: రామచంద్రయ్య, ఆయన భార్య కౌసల్య, కొడుకు రాంచందర్, కోదాడ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఆయన చెల్లెలు చంద్రమ్మ. కోడలు ఆండాళు కూడా ఉంది. కాగితం రాసే మనిషి గనుక ఆమెను హాజరైనవారిలో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ ఇంట్లో ఏ కాగితమైనా ఆమె రాయవలసిందే. మిర్యాలగూడలో బడిపంతులైన తండ్రి దిద్దించిన గుండ్రని అక్షరాలు. మిల్లు ఒప్పందాలు, శుభలేఖలు, కచేరీకి పెట్టే అర్జీలు, అన్నీ పొయ్యి మీద పప్పు ఉడికేలోగా తడిచేతులు కొంగుకు తుడుచుకొని రాసినవే. "మా కోడలి రాత అచ్చుగుద్దినట్టు ఉంటది" అని మామ పదిమందిలో చెప్పుకునేవాడు. ఆ కోడలే మెట్రిక్ పాసై కాలేజీలో చేరతానంటే మాత్రం "సదివి ఎవల్ని ఉద్ధరిస్తది?" అన్నాడు. నలుగురిలో పరువు పెరుగుతుందని కొడుకు నచ్చజెప్పాకే దిగివచ్చాడు.

ఒక కాలేజీ పెళ్ళయినవారికి హాస్టలు లేదంది. ఇంకొకటి సీట్లు నిండాయంది. మిగిలింది హైదరాబాదు. అక్కడికి మామే వెంటబెట్టుకొని వెళ్ళాడు. ప్రిన్సిపాలమ్మ లెక్కలు అడిగింది, చరిత్ర అడిగింది, ఆండాళు తడుముకోలేదు. చివరకు "మీ ఆయన పేరేమిటమ్మా?" అంది. ఆండాళు నోరు మూతబడింది. పెనిమిటి పేరు పలికితే ఆయన ఆయుస్సు తరుగుతుందని అత్తగారు కాపురానికి వచ్చిన నాడే చెప్పింది. పక్కనే మామ, గోడకేసి చూస్తూ. ప్రిన్సిపాలమ్మ మళ్ళీ అడిగింది. ఆండాళు తల దించుకుంది. మొన్న జవాబు వచ్చింది: తరగతిలో నోరు విప్పగలదన్న నమ్మకం కలగనందువల్ల సీటు ఇవ్వలేము.

ఏమీ రాకపోయి ఉంటే ఏడ్చి ఊరుకునేది. అన్నీ వచ్చి ఒక్క పేరు దగ్గర ఓడింది. పేరు ఆయనది, నోరు తనది. ఆ నోటికి తాళం వేసినవారే ఇప్పుడు, చూశావా, నీకు మాట రాదట అంటున్నారు. అంట్లు తోముతున్నప్పుడు, బియ్యం ఏరుతున్నప్పుడు, ఆ జవాబు ఆమె లోపల రగులుతూనే ఉంది.

వర్తకుల ఇళ్ళలో తగువు తీరితే కాగితం మీద పెట్టడం ఆనవాయితీ. రామచంద్రయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇగ సదువు ముచ్చట ఖతం. రాయమ్మా. ఆండాళు అను నేను ఇకమీదట ఏ కాలేజీకిని దరఖాస్తు పెట్టను..."

"వంట మీద ధ్యాస పెడతనని గూడ రాయించు. మొన్న చారుల ఉప్పే లేదు," అంది కౌసల్య.

చంద్రమ్మ పకపకా నవ్వింది. "చారులో ఉప్పుకి కూడా కాగితమా వదినా! అయినా అమ్మాయ్, అందరూ పొమ్మన్నాక నీకెందుకే ఆ చదువు? మా కోదాడలో అయితే ఈపాటికి చంకనో పిల్లాడుండేవాడు."

"రాస్తున్నవా?" అన్నాడు మామ.

"రాస్తున్న మామా."

కలం ఆగాక ఆయన తల పంకించాడు. "సదువు, ఇందాం."

ఆండాళు లేచి నిలబడింది.

"ఆండాళు అను నేను వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు పెడతాను. అప్పుడూ కాకపోతే ఆ పై ఏడు. ఈ ఇంటి కాగితాలన్నీ ఇంతవరకు నేనే రాశాను. నాకు సీటు వచ్చేదాకా ఇక ఒక్కటీ రాయను. దీనికి సాక్షి నా భర్త..."

ఆండాళు కాగితం మీంచి తల ఎత్తింది.

"...రాంచందర్."

"ఓసి నీ నోరు వడ! పేరు పెట్టి పిలుస్తవానే? వాని ఆయుస్సు..." కౌసల్య చెవులు మూసుకుంది.

"మంచిగనే కూసున్నరు అత్తమ్మా, సూడుండ్రి," అంది ఆండాళు. "కావాల్నంటే ఇంకోపారి అంట. రాంచందర్."

రాంచందర్ ముఖం కందిపోయింది. భార్య గొంతులో తన పేరు వినడం అతనికి అదే మొదలు. "నాయినా, మరి రేపు మిల్లు కాయితం ఎవరు రాస్తరు?" అన్నాడు మెల్లగా.

రాంచందర్ సాక్షి సంతకానికని కలం అందుకోబోయి, తండ్రి ముఖం చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు.

ఆండాళు అతనికోసం ఆగలేదు. సాక్షి చోటు ఖాళీగానే ఉంచి, కింద తన పేరు నిండుగా రాసి సంతకం చేసింది. సిరా ఆరేదాకా ఊది, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పుట్టింటి ట్రంకుపెట్టెలో దాచి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.