పన్నెండో నంబరు చానెల్

కోరుట్లలో పద్దెనిమిదేళ్లు కేబుల్ వైర్లు లాగాను. ఎవరి మేడ మీద ఏ జాయింటు వదులైందో కళ్లు మూసుకుని చెప్పగలను. అలాంటి ఈ మజర్ కూడా ఒక్క సెట్‌టాప్ పెట్టె దగ్గర పప్పులో కాలేశాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

పెట్టెలు తెచ్చింది శంకరయ్య. రెండేళ్ల కింద, సకల జనుల సమ్మెలో, చౌరస్తాలో దీక్షా శిబిరం నడిపింది ఆయనే. "మా ఊరి మీద పరాయోళ్ల పెత్తనం ఏంది?" అని మైకు పగిలేలా అరిచేవాడు. ఇప్పుడు మెడలో అదే ఉద్యమ కండువా, చేతిలో హైదరాబాద్ కంపెనీ ఏజెన్సీ. పాత కేబుల్ బంద్ అట, ఇక అంతా డిజిటల్, హెచ్‌డీ అట. మా కంట్రోల్ రూము కూడా ఆయన చేతికే పోయింది. నాకు నెలనెలా ఇంత జీతం పడేసేవాడు. నోరు మూసుకుని ఇంటింటికీ పెట్టెలు బిగించాను.

పెట్టె పెడితే హీరోయిన్ మొటిమలు కూడా లెక్కపెట్టొచ్చని చెప్పేవాణ్ని. అందరూ నవ్వేవాళ్లు. బీడీలు చుట్టే ఎల్లవ్వ మాత్రం నవ్వలేదు. బీడీల చాట పక్కన పెట్టి అడిగింది.

"మజరూ, గీ పెట్టె పెడితే మా ఆయన మొకం గూడ సాఫ్ కనవడ్తదా?"

ఆమె భర్త భీమయ్య మెట్‌పల్లి పసుపు మార్కెట్లో హమాలీ. సమ్మెలో రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు అన్నం గంజు దగ్గర గంటె తిప్పింది ఆయనే. ఆ సాయంత్రమే శిబిరంలో గుండె ఆగి పడిపోయాడు. ఆ పొద్దున నేను తీసిన వీడియో సీడీలో ఉంది. మా పన్నెండో నంబరు లోకల్ చానెల్లో పెళ్లిళ్లు, తప్పిపోయిన మేకలు, పోయినవాళ్ల సంవత్సరీకాలు అన్నీ వేసేవాళ్లం. నిరుడు భీమయ్య సంవత్సరీకం నాడు పది గంటలకు ఆ సీడీ వేశాను. పొగలో మొహం మసగ్గా ఉన్నా ఊరంతా చూసింది.

"కనవడ్తది చిన్నమ్మా" అనేశాను. పాత వీడియో ఏ పెట్టె పెట్టినా మసకే. తెలిసీ అన్నాను, సిగ్గులేకుండా.

ఈ ఏటి సంవత్సరీకం రోజు సీడీ పట్టుకుని కంట్రోల్ రూముకు వెళ్లాను. ముందు రోజే సిగ్నల్ కొత్త పెట్టెలకు మార్చారట, మా పాత మిషన్లు మూలన పడి ఉన్నాయి. పన్నెండో నంబరులో ఏదో నగల ప్రకటన వస్తోంది. ఎల్లవ్వ సీడీ వెయ్యాలి, మన చానెల్ ఏదని శంకరయ్యను అడిగాను.

"లోకల్ చానెల్ ఇగ లేదు. సిగ్నల్ హైదరాబాద్‌ల లాకై అస్తది. మన చేతుల ఏం లేదు" అన్నాడు.

"గట్లయితే గిప్పుడు గీ ఊరి మీద పెత్తనం ఎవలది శంకరన్నా?"

"ఏయ్, నోరు సంబాళించుకో. గా ముసల్దానికి ఇంట్లనే సీడీ ఏసి సూపియ్యిపో."

ముసల్దట! ఈయన దీక్షలో కూచున్నన్నాళ్లు నిమ్మరసం కలిపిచ్చింది ఆ ముసల్దే.

సీడీ ప్లేయర్ మోసుకుని ఎల్లవ్వ ఇంటికి వెళ్లాను. ఉతికిన చీర కట్టుకుని పది గంటల కోసం టీవీ ముందు కూచుని ఉంది. చానెల్ పోయిందని చెప్పాను. నేనాడిన అబద్ధం కూడా చెప్పాను. ప్లేయర్ పెట్టి తనకొక్కతికే చూపిస్తానన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేను సూసుడెందుకు కొడుకా, నా కండ్లల్లనే ఉన్నడు. ఊరు సూడాలె. నిరుడు బజార్ల నలుగురు పలుకరిచ్చిండ్రు. ఇయ్యాల పొద్దుగాల్ల సంది ఒక్కలు గూడ యాది జెయ్యలె."

ఇక ఆగలేకపోయాను. ఆమె డబ్బా టీవీని అక్కడికక్కడే ఆటోలో ఎక్కించాను. ఎల్లవ్వ ప్లేయర్‌ను ఒళ్లో పెట్టుకుని ఎక్కింది.

రాష్ట్రం ఇస్తామని ఢిల్లీ చెప్పిన సంబరంలో చౌరస్తాలో ఆ రోజు సభ. శంకరయ్య మైకులో ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లు చదువుతున్నాడు. అందులో భీమయ్య లేడు. వేదికకు ఎదురుగా హోటల్ బల్ల మీద టీవీ పెట్టి, ఆ హోటల్ ప్లగ్గులోనే వైరు దోపి, సీడీ వేసి, సౌండ్ పూర్తిగా పెంచాను.

జనం ఇటు తిరిగారు. పొగ, గంజు, గంటె తిప్పుతున్న మనిషి.

"గాయిన మన హమాలి భీమయ్య గాదూ?" అన్నారెవరో. లేచి దగ్గరికొచ్చారు. తెర మీద భీమయ్య పక్కనే మైకు పట్టుకుని శంకరయ్య ఉన్నాడు. టీవీలోంచి ఆయన గొంతే వినిపించింది. "మా ఊరి మీద పరాయోళ్ల పెత్తనం ఏంది?"

వేదిక మీద శంకరయ్య చదవడం ఆపేశాడు. "బంద్ చెయ్యిరా దాన్ని!" అని నా మీద అరిచాడు.

ఎల్లవ్వ టీవీ మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఎందుకు బంద్ జేస్తడు? నీ మాటలే గద శంకరయ్యా. అక్కణ్నే నిలవడి ఇను."