అద్దె మేనమామ

శాలువా కప్పించుకోవడానికి వంగిన మొగుడి మెడను చూస్తే గురవమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో నీళ్లబిందె ఎత్తడానికి కూడా వంగని మెడ అది. తిరుపతి ఫ్యాన్సీ దుకాణాల సంఘం వాళ్లు 'మెషిన్‌తో చెవులు కుట్టడంలో మన జిల్లాకే ఆద్యుడు' అని పిలిచి పెద్దపీట వేసేసరికి ఎంత వినయంగా వంగిందో! సొమ్మొకడిది, సోకొకడిది.

అసలు చెవులు కుట్టే ఆ గన్ను తెచ్చింది గురవమ్మ. పదేళ్ల కిందట పుట్టినిల్లు నగరి నుంచి వాళ్లన్నతో రైలెక్కి మద్రాసు పోయినప్పుడు ఒక దుకాణంలో టక్కుమని చెవి కుట్టడం చూసింది. అన్నను పోరి కొనిపించుకుని, ఆ దుకాణం నడిపే ఆమె దగ్గరే కూర్చుని పని నేర్చుకుని వచ్చింది. బస్టాండు వెనక సందులో గాజులూ రిబ్బన్లూ అమ్ముకునే మొగుడు కృష్ణమూర్తి దాన్ని చూసి పెదవి విరిచాడు.

"ఆచారి బంగారు తీగతో కుట్టాల్సిన చెవుల్ని తుపాకీతో కాలుస్తావా? జనం ఉమ్మేస్తారు."

అలా అన్న మనిషే మర్నాడు గన్ను లాక్కున్నాడు. మగవాడుండగా ఆడది ముందు పట్టుకోకూడదట. కుట్టడానికి ఎవరూ దొరక్క పెళ్లాం ఎడమ చెవే పట్టుకున్నాడు. పెన్నుతో చుక్క పెట్టింది ఒకచోట, పొడిచింది ఇంకోచోట. ఒక్క రక్తపుబొట్టు కనబడగానే కళ్లు తేలేసి రిబ్బన్ల పెట్టె మీద పడ్డాడు. ఆ వంకర రంధ్రం ఆమె చెవికి అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఆ మహానుభావుడు గన్ను ముట్టుకుంటే ఒట్టు.

మరి దుకాణంలో ఏం చేసేవాడంటే, ఒడి పరిచేవాడు. కొండ మీద పిల్లలకు గుండు కొట్టించి దిగొచ్చిన వాళ్లు చెవులు కూడా కుట్టించేద్దామని వచ్చేవాళ్లు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టనిదే కుట్టకూడదని వాళ్ల ముసలమ్మలు పట్టుబట్టేవాళ్లు. ఆ మేనమామేమో బంగారుపాళ్యంలో మామిడికాయల లోడు వదిలి రాలేక ఉండిపోయి ఉండేవాడు. అప్పుడు కృష్ణమూర్తి పళ్లికిలించుకుంటూ లేచేవాడు.

"నేను లేనా తల్లీ, నన్నే అన్న అనుకో."

బిడ్డను ఒళ్లో పెట్టుకుని, మొహం గోడవైపు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకునేవాడు. గురవమ్మ కుట్టేది. మేనమామ మర్యాదలు, అంటే కొత్త తువ్వాలూ కొబ్బరికాయా తాంబూలమూ, మాత్రం ఆయనే అందుకునేవాడు. ఇంట్లో తువ్వాళ్లు అటక దాకా పేరుకున్నాయి. ఊరూరా చెల్లెళ్లున్న ఘనుడు, కట్టుకున్నదానికి గుక్కెడు నీళ్లిచ్చి ఎరగడు.

ఇప్పుడు చిత్తూరులో రెండో దుకాణం తెరుస్తున్నారు. దాని బోర్డు మీద తన పేరుండాలని గురవమ్మ అడిగింది. ఇన్నేళ్లలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

"ముందు సభలో నీ పేరు చెప్తా. నలుగురికీ తెలిసినాక బోర్డు మీద రాయిస్తా" అన్నాడు కృష్ణమూర్తి. పిచ్చిది, నమ్మింది. నమ్మి పట్టుచీర కట్టుకుని వచ్చి ఆడవాళ్ల వరసలో కూర్చుంది.

కృష్ణమూర్తి మైకు అందుకున్నాడు.

"ఈ జిల్లాలో మెషిన్‌తో మొదటి చెవి కుట్టింది నేనే. పువ్వు కోసినట్టు కుట్టినా. సుక్క రక్తం రాలా! మా ఇంటామె కూడా శానా సాయం. దూది అందిస్తాది."

దూది! గురవమ్మ చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ చెవి మీదికి పోయింది. చప్పట్లు మోగుతుంటే ఆమెకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్లూ ఇలాంటివాడికి వండిపెట్టానా అని తన మీద తనకే అసహ్యం వేసింది.

సంఘం అధ్యక్షుడు వెంకటేశ్వర్లు మనవరాలిని ఎత్తుకుని వేదికెక్కాడు.

"ఆద్యుల చేతుల మీదుగా మా పాపకు చెవులు కుట్టిద్దామని గన్ను గూడా తెప్పించినామప్పా. ఇదిగో, వాళ్ల మేనమామ రూపేష్ గూడా వచ్చినాడు."

రూపేష్ కుర్చీలో కూర్చుని పాపను ఒళ్లో పెట్టుకున్నాడు. కృష్ణమూర్తి ఉత్తర కుమారుడిలా అటూ ఇటూ చూశాడు. పారిపోవడానికి దారి లేదు. కళ్లు గట్టిగా మూసుకుని పెన్ను పట్టి, చెవి తమ్మె మీద పెట్టాల్సిన చుక్క పాప బుగ్గ మీద పెట్టాడు. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"గురవా... ఒక్కసారి ఇట్ల రా!"

గురవమ్మ కదల్లేదు. పడనీ, అందరి ముందూ బోర్లా పడనీ అనుకుంది. కానీ పాప చెవి ఏం పాపం చేసింది? లేచి వెళ్లి గన్ను లాక్కుంది. స్పిరిటు దూదితో తమ్మెలు తుడిచి, చుక్కలు పెట్టి, ఒకటి తర్వాత ఒకటి కుట్టేసింది. పాప ఏడుపు మానేసి ఆమె గాజులు పట్టుకుంది.

ఇంతలో పాప తల్లి తువ్వాలు పెట్టిన పళ్లెం తెచ్చింది. అలవాటు ఊరికే పోతుందా? కృష్ణమూర్తి రెండు చేతులూ ముందుకు చాచాడు.

"ఆ తువ్వాలు ఆయప్పకు గాదు తల్లీ" అంది గురవమ్మ, మైకు పక్కనే నిలబడి. "సొంత మేనమామ వచ్చినాడు గదా, ఇంక ఈ అద్దె మేనమామతో పనేముండాది?"

హాలంతా గొల్లున నవ్వింది. గురవమ్మ నవ్వలేదు. జుట్టు వెనక్కి తోసి ఎడమ చెవి అందరికీ చూపించింది.

"ఈయప్ప ఈ జల్మకు కుట్టిన చెవి ఇదొక్కటే. సూడండి, ఎంత బాగా కుట్టినాడో."

ఇంటికి వెళ్లే ఆటోలో కృష్ణమూర్తి ఒక మూలకు ఒదిగి కూర్చున్నాడు. శాలువా కొస నలుపుతూ గొణిగాడు.

"బోర్డు మీద నీ పేరే రాయిస్తాలే."

"నేనే రాయించుకుంటా, పెయింటరు యాడుండాడో నాకు తెలుసు. నువ్వు ఆ శాలువా మడతబెట్టు. అటక మీద తువ్వాళ్లలో పెడదాం."