హాలిస్ బకిల్

గాజు పెట్టెకు అంటించబోయే చీటీని వెండెల్ పర్సెల్ గొంతు సవరించుకుని మరీ చదివాడు. “హాలిస్ టాకెట్ వాయించిన గిటారు, 1936. మన టెనెసీ కొండల పాటను రేడియోలో ఊరూరా వినిపించింది ఇదే.”

ఆ గిటారు అప్పటికింకా ఆర్డిత్ టాకెట్ ఒడిలోనే ఉంది. ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్లు. హాలిస్ ఆమె మొగుడు, పోయి పదేళ్లయింది. గిటారు మాత్రం పుట్టింటిది. వాళ్ల నాన్న పాలిచ్చే ఆవును తోలిపెట్టి, బదులుగా తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

“వాయించింది నేను కదా వెండెల్?”

“మీరూ వాయించేవారు ఆర్డితమ్మా, కాదనను. కానీ ఏ ఫొటో చూసినా ఆయన మెడలోనే ఉందాయె!”

ఫొటోల సంగతి నిజమే. కెమెరా కనబడగానే హాలిస్ ఆమె చేతిలోంచి గిటారు లాక్కుని మెడలో వేసుకునేవాడు, ఫొటో అయ్యాక తిరిగిచ్చేవాడు. దేవుడు ఆయనకు బంగారంలాంటి గొంతిచ్చి, వేళ్ల దగ్గరకొచ్చేసరికి చెయ్యి బిగబట్టాడు. వేదిక మీద ఆయన మెడలో వేలాడే చవక గిటారు పొట్టలో మోత రాకుండా పాత మేజోడు కుక్కి ఉండేది. వెనకాల పీట మీద, వంటింటి ఏప్రనైనా విప్పకుండా, ఆర్డిత్ అసలు పని కానిచ్చేది. చప్పట్లు ముందు నిలబడ్డ ఆయన దగ్గరే ఆగిపోయేవి.

ఆయన బతికున్నన్నాళ్లూ ఆమె నోరు మెదపలేదు. ఆ గొంతే కదా ఇల్లు నడిపింది. కానీ ఈ చీటీ తను పోయాక కూడా ఉంటుంది. మనవరాలి పిల్లలొచ్చి చదువుకుంటారు. ఆ అబద్ధం వాళ్ల దాకా పోకూడదు.

వెండెల్ చెడ్డవాడేం కాదు. మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగి ఈ చిన్న మ్యూజియం తెరిపిస్తున్నాడు. ‘కంట్రీ’ అనే ఈ కొండల పాటల మీద వచ్చిన పుస్తకమల్లా చదివాడు. గిటారు మాత్రం జన్మలో వాయించలేదు. అలాంటివాడితో వాదించి లాభమేముంది? ఆర్డిత్ కాసేపు ఆలోచించి ఎంతో తియ్యగా నవ్వింది. ఆమెను ఎరిగినవాళ్లు ఆ నవ్వు చూస్తే గుమ్మం వైపు నడుస్తారు.

“సరే నాయనా, నీ ఇష్టం. ఆయన బెల్టు బకిల్ కూడా పక్కన పెట్టు మరి.”

సాసరంత వెండి బకిల్. దాని మీద ముంగాళ్లెత్తిన గుర్రం. చర్చికీ అదే, చేపల వేటకీ అదే. శవపేటికలో కూడా పెట్టమన్నాడు గానీ ఆర్డితే వినిపించుకోలేదు.

“ఇంకోటి. గిటారు వెనకాల అద్దం పెట్టించు. వెనక చెక్క ఎంత బావుంటుందో జనం చూడొద్దూ?”

“భలే ఆలోచన!” వెండెల్ గిటారు తిప్పి మురిసిపోయాడు. “ఒక్క గీతైనా లేదు! ఎంత అపురూపంగా చూసుకున్నాడో మహానుభావుడు!”

“ఎందుకు చూసుకోడూ!” అంది ఆర్డిత్.

శనివారం మధ్యాహ్నం మ్యూజియం తెరిచేసరికి ఊరు ఊరంతా దిగింది. ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, ఆర్డిత్ చేసిన ఏడు పొరల ఆపిల్ కేకు. ఆర్విల్ స్టాంపర్ పళ్లెం పట్టుకుని గాజు పెట్టె దగ్గరకెళ్లాడు. అరవై ఏళ్లుగా ఆయన గిటారు వాయించని వరండా ఆ కౌంటీలో లేదు. బకిల్ చూశాడు. అద్దం చూశాడు. మళ్లీ బకిల్ చూసి నమలడం ఆపేశాడు.

“ఒరే వెండెల్, ఇలా రా. హాలిస్ ఈ బకిల్ ఎప్పుడూ తీసేవాడు కాదుగా?”

“ఎప్పుడూ తీయలేదు! నిద్రలో కూడా తీయడనేవారు.”

“మరి ఈ గిటారు ఎలా వాయించాడ్రా? ప్యాంటు విప్పేసి వాయించాడా?”

అందరూ పెట్టె చుట్టూ మూగారు. ఆర్విల్ మూలనున్న తన గిటారు తెచ్చి వెనక్కి తిప్పాడు. కోళ్లు కెలికిన పెరడులా చెక్కంతా గీతలే. “ఇది నా మామూలు బకిల్ పని. ఆ గుర్రాన్ని ఏళ్ల తరబడి రాస్తే చెక్కకి బొక్క పడేది!”

పాటలకని గిటారు తెచ్చుకున్న ప్రతివాడూ వెనక్కి తిప్పి చూపించాడు. గీతల్లేనిది ఒక్కటి లేదు. ఇక నవ్వులే నవ్వులు. వెండెల్ మొహం కందగడ్డయింది. “మరి… ఎవరు?”

కేకు కోస్తున్న ఆర్డిత్ తలెత్తలేదు. “ఏప్రన్‌కి బకిల్ ఉండదు నాయనా.”

“ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదే ఆర్డిత్?” అన్నాడు ఆర్విల్, నొచ్చుకున్నట్టుగా.

“ఎవరూ అడగలేదు.” ఒక్కరైనా అడుగుతారని ఆమె ఎంతకాలం చూసిందో ఆమెకే తెలుసు.

వెండెల్ తనే తాళం తీశాడు. ఆమె చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని గిటారు అందుకుంది. రేడియోలో హాలిస్ పాటకు ముందు వచ్చే ఆ వాయింపు మొదలవగానే జనం పళ్లేలు కింద పెట్టేశారు. గిటారు ముందు చెక్క మీద ఏళ్ల రాపిడికి రంగు పోయిన చోట ఆమె చిటికెన వేలు వెళ్లి కుదురుగా కూర్చుంది. ఆర్విల్ టోపీ తీసేశాడు.

వెండెల్ చీటీ చింపి కలం తీశాడు. “చెప్పండి ఆర్డితమ్మా, ఏం రాయమంటారు?”

“నేను పోయాక నా పేరు రాసి పెట్టుకో. ఇప్పుడైతే ఇంటికి తీసుకుపోతున్నా. అడిగేవాళ్లు దొరికారుగా!”

“మరి ఈ పెట్టె?”

“బకిల్ ఉందిగా, అది ఆయనదే. అద్దం కూడా ఉంచు. ఆయనకి అద్దమంటే ప్రాణం.”