మెమరీకి పెట్టిన బొట్టు

కోరుట్లలో అరవింద్ వాళ్ల ఇంట్లో ఏ తప్పుకైనా కారణం సిద్ధంగా ఉండేది. నల్లా రాకపోతే ఆంధ్ర పాలకులు. కరెంటు పోతే ఆంధ్ర పాలకులు. ఇంజనీరింగులో తాను సబ్జెక్టులు తప్పితే ఇంకెవరు, వాళ్లే. సకల జనుల సమ్మెతో కాలేజీ మూతపడ్డాక అతనికి జగిత్యాలలో గొప్ప పని దొరికింది. బంద్ రోజుల్లో దుకాణాల షట్టర్లు దింపించే పని. కాలేజీలో ఏనాడూ లేని హాజరు ఆ పనిలో మాత్రం తప్పలేదు.

ఇంట్లో ఉన్న కంప్యూటర్ వదిన కళావతి పుట్టింటి నుంచి వచ్చింది. సిరిసిల్లలో ఆమె అన్న దానిమీద ఏళ్ల తరబడి చీరల డిజైన్లు గీసి, ఇక దాని వల్ల కాదనుకున్నాక ప్రేమగా చెల్లెలికి పంపాడు. మస్కట్‌లో పనిచేసే ఆమె భర్త కుమార్ ప్రతి శుక్రవారం వీడియో కాల్ చేసి అందులో కనిపిస్తాడు. కనిపించడమంటే ముందు ముక్కు వచ్చి ఆగిపోతుంది, కాసేపటికి చెవి వస్తుంది. అతను వెళ్లాక పుట్టిన కూతురు శ్రావణి ఇప్పుడు గోడ వదిలి నడుస్తోంది. ఈ శుక్రవారం ఆ నడక చూపించాలని కళావతి ఎదురుచూస్తోంది. ముందురోజే దసరా అన్న సంగతి కూడా ఆమెకు పెద్దగా పట్టలేదు.

"బిడ్డ నడుస్తుంటె బొమ్మ ఆగిపోతె ఏం లాభం వదినా? మెమరీ పెంచాలె. గా పని నాకిడిసిపెట్టు," అన్నాడు అరవింద్. జగిత్యాలలో ఎల్లన్న కంప్యూటర్ దుకాణానికి పోయి, పాత మెమరీ ముక్క ఇచ్చేసి పెద్దది తెచ్చాడు.

దసరా పొద్దున అతని తల్లి బుచ్చవ్వ బండికి, కత్తిపీటకు, కుట్టుమిషనుకు బొట్లు పెట్టి కంప్యూటర్ దగ్గరికి వచ్చింది.

"అవ్వా, గిది సైన్సు. దీనికి పసుపేంది? గిట్లనే మనం ఎన్కవడ్డం," అని కొడుకు ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"నీకే ఎరుక తియ్యి," అని ఆమె పళ్లెం అక్కడే పెట్టి పోయింది.

తలుపు మూసి కంప్యూటర్ డబ్బా విప్పాక సైన్సు మనిషికి ధైర్యం చాలలేదు. పరీక్షలో మెమరీ గురించి రెండు పేజీలు రాశాడు, పాత ముక్క పీకాడు గాని, ఎప్పుడూ చేత్తో బిగించలేదు. అటూ ఇటూ చూసి, పళ్లెంలోని తడి పసుపు తీసి కొత్త ముక్కకు ముందూ వెనకా పూశాడు. అడుగున కరెంటు అందుకునే మెరిసే పళ్లకు కూడా లోటు చేయలేదు. పైన కుంకుమ అద్ది, దండం పెట్టి బిగించాడు.

స్విచ్ వేస్తే తెర నల్లగా ఉండిపోయింది. డబ్బా మాత్రం పీక్ పీక్ అని ఆపకుండా అరిచింది.

ప్లగ్గు మార్చాడు. తీగలు ఊడదీసి మళ్లీ పెట్టాడు. డబ్బా వీపు మీద నాలుగు చరిచాడు. చివరికి కారణం కనిపెట్టాడు.

"కోతలు వెట్టి వెట్టి ఓల్టేజి ఖరాబు జేసిండ్రు వదినా. కుట్ర."

"ఎవలి కుట్రయినా గానీ, రేపు మీ అన్నకు బిడ్డను సూపెడ్తవా లేదా?"

అరవింద్‌కు చాలా సిగ్గేసింది.

మర్నాడు జగిత్యాల బంద్. డబ్బాను దుప్పట్లో చుట్టి బండికి కట్టుకుని వెళ్లేసరికి ఎల్లన్న మూసిన షట్టరు ముందు తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

"అన్నా, జర షట్టర్ లేపవా?"

"ఎట్ల లేపుత తమ్మీ? బందంటే బందని నువ్వే జెప్పితివి."

"అర్జంటన్నా. పసిబిడ్డ ముచ్చట."

"మొన్న ఒక పోరి హాల్ టికెట్ తియ్యాలని ఏడ్సింది. ఉద్యమం పెద్దదా, హాల్ టికెట్ పెద్దదా అంటివి. యాదికున్నదా?"

అరవింద్ తల వంచుకున్నాడు.

"జై తెలంగాణ నేను గూడ అంట," అని లేచాడు ఎల్లన్న. "ఎన్క దర్వాజకెళ్లి రా."

లోపల డబ్బా విప్పి, మెమరీ ముక్కను పీకి వెలుతురులో పట్టుకున్నాడు. "గిదేంది, దీనికి లగ్గం జేసినవా?"

"మా అవ్వ... పండుగ గదా అని..."

"మీ అవ్వకు స్క్రూలు విప్పుడు గూడ అస్తదా?"

పసుపు పట్టిన పళ్లను ఎల్లన్న పెన్సిల్ రబ్బరుతో రుద్ది, లోపల బ్రష్షుతో దులిపి బిగించాడు. ఒక్కసారి పీక్ మని, తెర వెలిగింది.

మధ్యాహ్నం కోరుట్ల ఇంట్లో కుమార్ ముఖం మొత్తం ఒకేసారి వచ్చింది. ముక్కు, చెవులు, నవ్వు, అన్నీ కలిసి కదిలాయి. కళావతి కళ్లు తుడుచుకుంటూ శ్రావణిని తెర ముందు నిలబెట్టింది. పిల్ల అడుగు ఎత్తింది.

కరెంటు పోయింది.

బొగ్గు గనుల్లో సమ్మె. బొగ్గు లేక కోత. ఆ సమ్మెకు మొన్న సభలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అరవిందే. అలవాటుగా తిట్టబోయి, ఎవరిని తిట్టాలో తోచక నోరు మూసుకున్నాడు.

కళావతి సెల్‌ఫోను మోగింది. "సూడనేలేదు కళా," అన్నాడు కుమార్.

ఆమె స్పీకరు పెట్టి, ఫోను అరవింద్ చేతికిచ్చి నేల వైపు చూపించింది. అతను కూర్చుని ఫోనును నేలకు ఆనించి పట్టుకున్నాడు. బుచ్చవ్వ ఎదురుగా చేతులు చాచింది. శ్రావణి కాళ్ల పట్టీలు ఘల్లుమన్నాయి. ఆగాయి. మళ్లీ ఘల్లుమన్నాయి.

అవతల ఫోనును చెవికి అదుముకున్న చప్పుడు వినిపించింది.

"ఇంకోపాలి నడిపియ్యరాదు?" అన్నాడు కుమార్.

జగిత్యాల బజారంతా మూయించిన నాయకుడు మోకాళ్ల మీద వెనక్కి జరుగుతూ, ఫోనును ఆ చిన్న పాదాల ముందు జరుపుతూ పోయాడు. కరెంటు వచ్చినా ఎవరూ లేచి కంప్యూటర్ పెట్టలేదు.